కీలెరిగి

ఏప్రిల్ నెలాఖరు. డులూత్‌లో మంచు ఇంకా
గరాజు ఉత్తరపు గోడని పట్టుకునే ఉంది,
ఖాళీ చెయ్యనని మొండికేసిన అద్దెవాడిలా.
నేను ట్రక్కు కింద వెల్లకిలా పడుకున్నాను.
తొంభైమూడు నాటి రేంజర్, నాకంటే నాలుగేళ్ళు చిన్నది.
వెనక ఎడమవైపు, కమాను కట్టని చాసీకి కలిపే బోల్టు
మూడు రోజులుగా నా మాట వినడం లేదు.

ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదంటారు.
ఇది ముప్పై చలికాలాలు రోడ్డు మీద చల్లిన ఉప్పు తింది,
కరిగిన మంచునీళ్ళు తాగింది.
లోపల్లోపల ఆ బోల్టూ, దాని చుట్టూ ఉన్న గొట్టమూ
ఎవరు ఎవరో మరిచిపోయి ఒకటైపోయాయి.

మొదటి రోజు నూనె.
పనికెళ్ళే ముందొకసారి, వచ్చాకొకసారి,
చంటిపిల్ల చెవిలో చుక్కలు వేసినట్టు.
రెండో రోజు పానా, పానాకి తొడిగిన నాలుగడుగుల పైపు,
పైపు చివర వేలాడుతూ నా యాభై ఎనిమిది కిలోలు.
కదిలింది!
బోల్టు కాదు. స్టాండ్ల మీది ట్రక్కు.

ఆసుపత్రిలో నా పని ఎక్స్‌రేలు తియ్యడం.
ఊపిరి బిగబట్టండి, కదలకండి, ఆఁ, అయిపోయింది, అని
రోజుకి నలభై మందికి చెబుతాను.
ఇక్కడ నేనే ఊపిరి బిగబట్టి
కదులు, కదలవే, అంటున్నాను.

పక్కింటి రేనో లాహ్తినెన్
ఇనుప రాయి ఓడలకెత్తే రేవులో ముప్పై ఆరేళ్ళు చేశాడు.
కుడి చెయ్యి చెవి దాకా లేవదు.
ఆ భుజం ఫొటో తీసింది నేనే,
లోపలేముందో తెలుసు, కంచె దగ్గర ఆ మాట ఎత్తను.
చాలాసేపు చూసి అన్నాడు:
"తుప్పంటే ఏమనుకున్నావ్? ఇంటికెళ్దామనుకుంటున్న ఇనుము.
మేం ఎర్రమన్నుగా ఎక్కించాం,
ఎర్రమన్నుగానే తిరిగొస్తోంది."

మాట బాగుంది. బోల్టు మాత్రం రాలేదు.

మూడో రోజు తన గ్యాస్ టార్చి తెచ్చాడు.
కీలెరిగి వాత పెట్టాలి అనేది మా అమ్మమ్మ,
ఎవరి మీదో, ఏ కోపంలోనో.
నీలి మంట. రబ్బరు కాలిన కంపు. కంట్లో ఎర్ర పొడి.
నట్టు ముందు రేగుపండు, తర్వాత బత్తాయి.
కొవ్వొత్తి ముక్క ఆనిస్తే మైనం సందులోకి జారిపోయింది.
సుత్తి. మళ్ళీ సుత్తి.
చివరికి రంపం. ఒప్పుకుంటున్నాను, రంపమే.
అటూ ఇటూ కోస్తే ముక్కలై రాలింది,
గెలిచినట్టేమీ అనిపించలేదు.

కుడివైపుకి ఇంకో మూడు రోజులు లెక్కేసుకుని
ఊరికే బిగువు చూద్దామని పానా తగిలించి లాగాను.
తిరిగింది.
అంత తేలిగ్గా తిరిగేసరికి హడలిపోయాను, విరిగిందేమోనని.
మిగతాది వేళ్ళతోనే వచ్చింది: ఒళ్ళంతా
వెండిరంగు గ్రీజు, ఇంకా తడిగా.

ఎవరో. ఏ ఏడాదో ఇలాగే వెల్లకిలా పడుకుని
ఈ ఒక్క బోల్టూ మార్చి, డబ్బా మూత తీసి, బ్రష్షుతో పూసి,
దీన్ని మళ్ళీ విప్పే చేతుల గురించి
ఒక్క నిమిషం ఆలోచించినవాళ్ళు.
బిల్లులో అది రాయరు.
ఎడమవైపు ఎందుకు వదిలేశారో.
డబ్బు చాల్లేదో, చీకటి పడిందో,
లోపలి నుంచి అన్నానికి పిలిచారో.

నీకేమైనా తెలుసా అని రేనోని అడిగాను.
భుజాలెగరేయబోయి, కుడిది లేవక,
ఎడమదానితో సరిపెట్టాడు.

కొత్త బోల్టులు రెంటికీ పూశాను, మరలన్నీ పూడిపోయేలా,
మోచేతులు వెండి అయ్యేలా.
చివరి బిగింపు బండి నేలకి దిగాకే,
బరువు దాని చోట అది కూర్చున్నాకే చెయ్యాలట,
లేకపోతే రబ్బరు మెలితిరిగే ఉండిపోతుందట.
దించి, మళ్ళీ కిందికి దూరాను.

రాత్రి తలంటుకుంటే
నీళ్ళు మూడుసార్లు ఎర్రగానే పోయాయి.